ఇంటి కుందేలు కథ: రోము నుంచి మన్నవనూరు దాకా

 

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మన కుర్రవాళ్లు నలుగురు లేచి ఒక మాట అన్నారు. కుందేళ్ల పెంపకం పెడతాం, ఒక కంపెనీ పిల్లలను ఇచ్చి పెద్దయ్యాక తానే తిరిగి కొంటుందట, సంఘం విద్యానిధి నుంచి అప్పు ఇవ్వండి అని. కొందరు పెద్దలు "కుందేలును పెంచి కోసుకోవడం మన ఇళ్లలో ఉందా?" అన్నారు. ఇంకొకరు "అది చట్టానికి విరుద్ధం, జైల్లో పెడతారు" అన్నారు. గొడవ ముదిరేసరికి కార్యదర్శి గారు మా వైపు తిరిగి, "మీ ఇంట్లో చాలా ఏళ్లు పెంచారు కదా, ఆ సంగతంతా రాసి పెట్టండి" అన్నారు. అందుకని రాస్తున్నాం. కాస్త పొడవు అవుతుంది. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి.

మొదట పేరు సంగతి. మనం కుందేలు అంటాం, బడిలో ముయల్ అని నేర్చుకున్నాం. రెండు భాషల్లోనూ ఒకే పేరు రెండు జంతువులకు పెట్టుకున్నాం. మన నల్లరేగడి చేలల్లో, కరిసల్ కాట్టిలో, పరుగెత్తేది అడవి కుందేలు. మెడ వెనుక నల్లమచ్చ ఉంటుంది. అది బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న గుంట చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు పుట్టినప్పుడే ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని ఉంటాయి. గూట్లో పెంచే కుందేలు వేరే జాతి. అది బొరియలో బతికే జీవి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. పది రోజులకు గాని కళ్లు తెరవవు. అడవి కుందేలును మనిషి మచ్చిక చేసి మందగా పెంచింది ఎక్కడా లేదు. గూటి కుందేలు మన దేశపు జంతువే కాదు.

మన తాతల కాలంలో కన్ని, చిప్పిపారై కుక్కలను వెంటబెట్టుకుని కుందేళ్ల వేటకు పోయేవాళ్లు. రాజపాళయం కుక్కకు 2005లో తపాలా బిళ్ల కూడా వేశారు. వేట కథలు మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవి కుందేలును వేటాడడం నేరం. సమావేశంలో జైలు అన్నవారు చెప్పింది ఆ కుందేలు గురించి అయితే సరే. గూటి కుందేలుకు ఆ చట్టంతో పని లేదు. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని తెలుగులో ఉంది, అదే సామెత తమిళంలోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. ఆ రోజు మన సమావేశంలో అందరి కుందేలుకూ మూడు కాళ్లే. నాలుగో కాలు ఎక్కడుందో చూద్దామనే ఈ రాత.

ఈ గూటి కుందేలు సొంత ఊరు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా. రోమను చక్రవర్తి హేడ్రియన్ కాలపు నాణేల మీద స్పెయిన్ దేశాన్ని ఒక స్త్రీగా చూపి, ఆమె పాదాల దగ్గర కుందేలును వేశారు. ఆ దేశానికి గుర్తే కుందేలు అన్నమాట. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దంలో వర్రో అనే రోమను పండితుడు వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో, గోడ కట్టిన ఆవరణల్లో కుందేళ్లను ఉంచుకునే పద్ధతి చెప్పాడు. తర్వాతి శతాబ్దంవాడు ప్లినీ ఇంకో సంగతి రాశాడు. బలియారిక్ దీవుల్లో కుందేళ్లు పెరిగిపోయి పంటలు మిగల్చకపోతే, అక్కడి జనం అగస్టస్ చక్రవర్తి దగ్గరికి పోయి సైన్యాన్ని పంపమని అడిగారట. రెండు వేల ఏళ్ల కిందటే కుందేలు కడుపు నింపింది, కంట నీళ్లూ పెట్టించింది.

ఇక్కడ ఒక మాట. కుందేళ్ల పెంపకం మీద తిరిగే సందేశాల్లో ఒక కథ తప్పకుండా ఉంటుంది. క్రీ.శ. 600 ప్రాంతంలో పోప్ గ్రెగొరీ, పుట్టీపుట్టని కుందేలు పిల్ల మాంసం కిందికి రాదు, ఉపవాస దినాల్లో తినవచ్చు అని ఆజ్ఞ ఇచ్చాడని, అందుకే ఫ్రాన్సు మఠాల్లో సన్యాసులు కుందేలును మచ్చిక చేశారని ఆ కథ. మేము కూడా చాలా ఏళ్లు ఇదే చెప్పేవాళ్లం. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పాత రాతలు వెతికితే అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని తేలింది. గ్రెగొరీ ఆఫ్ టూర్స్ అనే వేరే గ్రెగొరీ రాసిన ఒక వాక్యాన్ని ఎవరో పోప్‌కు అంటగట్టారు. పేరు ఒకటే, మనిషి వేరు. కుందేలు ఒక్క రోజులో, ఒక్క ఆజ్ఞతో ఇంటి జంతువు కాలేదు. వేట, ఆవరణ, బొరియల తోట, చివరికి గూడు, ఇలా వందల ఏళ్లు పట్టింది.

ఇంగ్లండుకు దాన్ని తీసుకుపోయింది నార్మన్లు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ప్రభువులు, మఠాలు కుందేళ్ల కోసం మట్టిదిబ్బలు పోసి బొరియల తోటలు పెట్టుకున్నారు. అప్పుడది ధనవంతుల విందు భోజనం. పేదవాడు దొంగతనంగా పట్టుకుంటే శిక్ష. కాలం గడిచి పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి సంగతి తలకిందులైంది. ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనిచేసే కూలివాడు పెరట్లో చెక్కపెట్టె గూడు కట్టి, కూరగాయల తొక్కలు వేసి రెండు కుందేళ్లను పెంచుకున్నాడు. ఆదివారం కూరకు ఒకటి. బాగా అందమైనది, చెవులు పొడుగున్నది ఉంటే ప్రదర్శనకు తీసుకుపోయి బహుమతి తెచ్చుకున్నాడు. ఇలా పోటీల కోసం, మాంసం కోసం రకరకాల జాతులు తయారయ్యాయి.

ఇప్పుడు మన కుర్రవాళ్లు జాగ్రత్తగా చదవవలసిన రెండు సంగతులు.

మొదటిది ఆస్ట్రేలియా. 1859 క్రిస్మస్ రోజున థామస్ ఆస్టిన్ అనే భూస్వామికి ఇంగ్లండు నుంచి ఓడలో 24 కుందేళ్లు వచ్చాయి. వేట సరదా కోసం విక్టోరియాలోని తన ఎస్టేటులో వదిలాడు. పులి లేదు, తోడేలు లేదు, చలికాలం గట్టిగా లేదు. కొద్ది పదుల ఏళ్లలో ఖండమంతా పాకాయి. గొర్రెల మేత పోయింది, నేల కొట్టుకుపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా మూడు వేల కిలోమీటర్లకు మించి కంచె వేశారు. కంచె పూర్తి కాకముందే కుందేళ్లు అవతలికి దాటేశాయి. చివరికి 1950లో ఒక వైరస్ రోగాన్ని వదిలి వాటిని తగ్గించారు. అదే కుందేలు 1930ల కరువు కాలంలో అక్కడి పేదల ఇళ్లకు మాంసమైంది, వీధుల్లో అరుచుకుంటూ అమ్మేవాళ్లు. గూట్లో ఉన్నది తిండి, గూడు దాటినది తెగులు.

రెండోది అమెరికా. ఇది మనకు ఇంకా దగ్గరి సంగతి. 1898 నుంచి 1901 వరకు అక్కడ, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో, బెల్జియన్ హేర్ అనే జాతి మీద పిచ్చి పట్టింది. పేరులో హేర్ అని ఉన్నా అది గూటి కుందేలే. సన్నగా, ఎర్రగా, అడవి కుందేలులా కనబడేలా పెంచిన జాతి. ఒక్కో పోతును వందల డాలర్లకు, పేరుపడ్డ వాటిని వేల డాలర్లకు కొన్నారు. ఉద్యోగాలు వదిలి పెరళ్లలో గూళ్లు కట్టారు. కానీ కొన్నవాళ్లలో కూర వండుకున్నవాళ్లు ఎందరు? ఎవరూ మాంసానికి అమ్మలేదు. అందరూ పెంపకానికి జంటలుగా అమ్మారు, ఇంకా కొత్తగా పెంచబోయే వాళ్లకు. కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున ధర మాంసం ధరకు పడింది. వేల డాలర్ల కుందేలు కూరగిన్నెలోకి పోయింది.

దీనికి లెక్క మేము మన పద్ధతిలో వేసి చూపిస్తాం. ముప్పై ఏడేళ్లు రైల్వేలో కూడికలు వేసిన చెయ్యి కదా. ఒక యూనిట్ అంటే 7 ఆడవి, 3 మగవి అనుకోండి. ఆడ కుందేలు చూలు 30, 31 రోజులు. ఏడాదికి 5 ఈతలు, ఈతకు 6 పిల్లలు నిలిచాయనుకుంటే ఒక తల్లికి 30. ఏడు తల్లులకు 210. అంటే ఏడాదికి 21 కొత్త యూనిట్లు. ఆ 21 యూనిట్లు రెండో ఏడు 441 యూనిట్లను ఇస్తాయి. మూడో ఏడు 9,261. పిల్లలను పెంపకానికే అమ్ముతాం అన్నవాడికి మూడో ఏడు తొమ్మిది వేల కొత్త కుటుంబాలు కావాలి. మన జిల్లాలో దొరుకుతాయా? తినేవాడు లేని చోట పెంచేవాడు నిలవడు.

ఈ లెక్క మేము ఇప్పుడు వేశాం. వేయవలసిన రోజున వేయలేదు. అది కూడా చెప్పాలి.

మేము 1981లో ఉద్యోగంలో చేరాం. మదురై డివిజన్‌లో పార్సిల్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాం. కొడై రోడ్డు స్టేషన్ నుంచి కొండ సరుకు వచ్చేది, బేరిపళ్లు, వెల్లుల్లి, అప్పుడప్పుడు వలబెట్టిన చెక్కపెట్టెల్లో కుందేళ్లు. కొడైకెనాల్ దాటి మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ వాళ్ల దక్షిణ ప్రాంత కేంద్రం ఉంది. నీలగిరిలో శాండినల్లా గొర్రెల కేంద్రం ఉంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయంట్, గ్రే జెయంట్ వంటి మాంసపు జాతులను తమిళనాట పెంచి రైతులకు అందించింది ఇలాంటి కేంద్రాలే. రెండూ కొండల మీదే ఎందుకున్నాయో ఆలోచించండి. కుందేలుకు చలి బాధ లేదు, ఎండ యముడు. ఒళ్లు చెమట పట్టదు. చెవుల నుంచే వేడి వదులుకోవాలి. ఎండ ముదిరితే మగవి కొన్నాళ్లు సంతానానికి పనికిరావు, చూలుతో ఉన్నవి చచ్చిపోతాయి.

1990లో మేము ఒక పోతు, రెండు ఆడవి తెచ్చి క్వార్టర్స్ వెనక గూడు కట్టాం. మా అమ్మకు మాంసం లేదు, అయినా పొద్దున్నే అవిసె ఆకు, మునగాకు, క్యారెట్ తొక్కలు వేసేది ఆమే. మొదటి మే నెలలో ఒకే మధ్యాహ్నం ఒక తల్లి, పోతు రెండూ పోయాయి. రేకుల కప్పు కింద పెట్టాం, తెలియక. తర్వాత వేపచెట్టు నీడకు మార్చి, తాటాకు కప్పు వేసి, తడిపిన గోనెసంచులు కట్టాం. ఈనే ముందు తల్లి తన రొమ్ము బొచ్చు పీకి పిల్లలకు పరుపు వేస్తుంది. అందుకని పెట్టె, ఎండుగడ్డి ముందే పెట్టాలని నేర్చుకున్నాం. రోజుకు ఒక్కసారో రెండుసార్లో పాలిస్తుంది, అది చూసి తల్లి వదిలేసిందని భయపడనక్కర లేదని నేర్చుకున్నాం. రాత్రి మెత్తటి పెంటికలను అది తానే తింటుంది, రోగం కాదు, అలా రెండుసార్లు అరిగించుకుంటేనే బలం. గజ్జి వస్తే చెవులకు, ముక్కుకు పొలుసులు కడతాయి, పశువైద్యుడు చెప్పిన సూది ఒక్కటే దారి. గూడు తడిగా ఉంటే పిల్లలకు విరేచనాలు పట్టి పోతాయి.

మూడు నెలలకు పిల్ల రెండు కిలోల దాకా వచ్చేది. ఇంట్లో నెలకు రెండు, మూడు కూరలు. మిగిలినవి తోటి ఉద్యోగులు ఎదురు చూసి కొనేవాళ్లు. పెంట మునగచెట్టుకు, బెండ పాదులకు. మాకు మిగిలిన డబ్బు పెద్దగా లేదు. మా అమ్మాయి బడి ఫీజు మాత్రం అందులోనే వచ్చేది. పన్నెండేళ్లు ఇలా నడిచింది.

అప్పుడు ఒక కంపెనీ వచ్చింది. పేరు ఎందుకు, ఇప్పుడు లేదు. యూనిట్ మేమిస్తాం, పిల్లలను కిలో లెక్కన మేమే కొంటాం, రాతపూర్వక ఒప్పందం అన్నారు. మన వాళ్లు "నువ్వు పెంచావు కదా అన్నా, నీ మాటేమిటి?" అని మమ్మల్ని అడిగారు. మన సంఘం హాలులోనే, ఇప్పుడు కార్యదర్శి గారు కూర్చునే బల్ల పక్కనే నిలబడి, "జంతువు మంచిది, ధైర్యంగా చేయండి" అన్నాం. జంతువు గురించి మాకు తెలుసు. బేరం గురించి తెలియదు. ఆ రెండూ వేరని ఆ రోజు తోచలేదు. నాలుగు కుటుంబాలు చేరాయి, అందులో ఒకటి మా సొంత తమ్ముడిది. మొదటి రెండు విడతలు కంపెనీ కొన్నది. ఆ కొన్న పిల్లలే పక్క జిల్లాలో కొత్త యూనిట్లుగా పోయాయని తర్వాత తెలిసింది. మూడో విడతకు వ్యాను రాలేదు. ఫోను మోగేది, ఎత్తేవాళ్లు లేరు. గూళ్లలో రెండు వందల కుందేళ్లు, మేత అప్పు, ఎదురుగా మే నెల.

తమ్ముడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరదలు మాత్రం ఒకసారి, "మీరు చెప్పారనే కదా బావగారూ" అంది. ఆమె మెడలో గొలుసు మళ్లీ రావడానికి ఆరేళ్లు పట్టింది. మేము చేతనైనంత ఇచ్చాం, అయినా ఆ మాట అక్కడే ఉంది. అందుకే ఇప్పుడు సంఘం నిధి అన్నప్పుడు మేము నోరు మూసుకోలేకపోయాం.

మరి కుందేలు వద్దా అంటే, అలా కాదు. చరిత్రలో నిలబడిన పద్ధతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో 1940 నుంచి మాంసానికి రేషను. కుందేలుకు రేషను లేదు. ఊరూరా కుందేళ్ల సంఘాలు పెట్టుకున్నారు. సంఘంలో చేరి, పిల్లల్లో సగం బయటికి అమ్ముతామని ఒప్పుకున్నవాళ్లకు తవుడు కోటా ఇచ్చారు. మిగతా మేత వంటింటి తొక్కలు, దారి పక్క గడ్డి. ఒక్కో ఇంట్లో రెండో మూడో తల్లులు, అంతే. ఎవరూ కోటీశ్వరులు కాలేదు, ఎవరూ మునగలేదు, కూర మాత్రం ఉడికింది. 1953లో అక్కడ అడవి కుందేళ్లకు అదే వైరస్ రోగం సోకి జనానికి అసహ్యం పుట్టింది, 1954లో రేషను ఎత్తేశారు, కోడి చవకైంది. పెరటి గూళ్లు ఖాళీ అయ్యాయి. అవసరం ఉన్నంత కాలం నిలబడింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2014లో ఆహార భద్రతా నియమాల్లో మాంసపు జంతువుల జాబితాలో కుందేలు పేరు లేదని అభ్యంతరం వచ్చింది. కేరళ రైతులు చాలా ఇబ్బంది పడ్డారు, పోరాడారు. తర్వాత పెంపుడు కుందేలును జాబితాలో చేర్చారు. అయినా మాంసం అమ్మేవాళ్లకు లైసెన్సు, శుభ్రత నియమాలు ఉంటాయి. మన మున్సిపాలిటీలో అడిగి, కాగితం చేతికి వచ్చాకే అమ్మాలి.

కనుక మా మనవి ఇది. విద్యానిధి పిల్లల చదువు కోసం చందాలు వేసుకున్న డబ్బు, అది కుందేళ్లకు పోకూడదు. ఆసక్తి ఉన్న అల్లుళ్లు, కొడుకులు సొంత డబ్బుతో ఒక పోతు, మూడు తల్లులతో మొదలుపెట్టండి. పిల్లలను ప్రభుత్వ కేంద్రం నుంచి తెచ్చుకోండి. గూడు కట్టకముందే మీ వీధిలో కుందేలు కూర తినే పది ఇళ్ల పేర్లు కాగితం మీద రాయండి. పది పేర్లు రాకపోతే మొదలుపెట్టవద్దు. ఒక మే నెల దాటించి చూపించండి. ఆ తర్వాత పెద్దది చేయాలంటే మాట్లాడుకుందాం. తినని వాళ్లు తిననక్కర లేదు, మా అమ్మ తినలేదు, ఆమె చేతి అవిసె ఆకు తిన్న కుందేళ్లే బాగా బతికాయి.

గూడు కట్టే కొలతలు, నీడ వేసే పద్ధతి, పిల్ల బతుకుతుందో లేదో చూసి చెప్పడం, ఇవి మాకు వచ్చు. ఆదివారం పొద్దున ఎవరి పెరట్లోకైనా వచ్చి చూపిస్తాం, బస్సు చార్జీ కూడా అక్కర లేదు, రైల్వే పాసు ఉంది. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం దాన్ని మాకు ఒకసారి చూపించండి. ఈసారి జంతువుతో పాటు లెక్క కూడా చూస్తాం.

ఆ నాలుగు కుటుంబాల వాళ్లు ఇది చదువుతూ ఉంటారు. హాలులో అందరి ముందు చెప్పిన మాట కనుక, తప్పు అని కూడా అందరి ముందే చెబుతున్నాం. క్షమించండి.